బేగం బీ ఫ్రిజ్ తలుపులోని సీసాలు

మా గల్లీలో పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే తల్లులు థర్మామీటర్ వెతుక్కోరు, బేగం బీ ఇంటికి పోతారు. హసన్‌పర్తి చెరువు వైపు పోయే దారిలో, మా వరుసలో నాలుగో ఇల్లు ఆమెది. ముందు రేకుల షెడ్డు, షెడ్డులో ఆమె భర్త ఫకీర్ మహమ్మద్ ట్రాలీ ఆటో, లోపల రెండు గదులు, రెండో గదిలో ఒక పాత ఫ్రిజ్. చెప్పబోయేదంతా ఆ ఫ్రిజ్ తలుపు చుట్టూనే తిరుగుతుంది. నేనూ ఆ గల్లీలోనే ఉంటాను. పేరు ప్రమీల, హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. రాస్తున్నది బేగం బీ గురించే గానీ, నా గురించి మంచిగా అనుకోవాలని మాత్రం కాదు. ఆ ముచ్చట ఒకసారి తీర్చుకున్నాను, ఇక చాలు.

బేగం బీ పుట్టింది ధర్మసాగర్‌లో. తండ్రి చెరువులో చేపలు పట్టేవాడు. ఏడుగురిలో ఆమె పెద్దది కనుక బడి మొహం చూడలేదు, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చంకనేసుకునే పెరిగింది. వాళ్లలో ఇద్దరు జ్వరాలొచ్చి పోయారు. ఒక చుక్క మందు పడి ఉంటే బతికేవాళ్లని ఇప్పటికీ అంటుంది. అట్లా అనేటప్పుడు ఆమె గొంతు మారదు, కళ్లు తుడుచుకోదు, చేతిలో పని ఆపదు. కానీ మందు సీసాలో అడుగున మిగిలిన దాన్ని మోరీలో పోసే మనిషిని చూస్తే మాత్రం అన్నం పారబోసిన దాన్ని చూసినట్టు చూస్తుంది.

పెళ్లయి హసన్‌పర్తి వచ్చాక ఒక్కతే బిడ్డ, ఆఫ్రీన్. ఆ పిల్ల బడికి పోవడం మొదలుపెట్టిన ఏడు, బేగం బీ హన్మకొండలో డాక్టర్ శ్యాంసుందర్ గారి పిల్లల దవాఖానలో ఆయాగా చేరింది. పంతొమ్మిదేళ్లయింది. జీతం తీసుకునేటప్పుడు వేలిముద్ర వేస్తుంది. కానీ డాక్టర్ గారు కూడా సూది వేయడానికి జంకే పిల్లలను ఆమె ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలు, కిమ్మనరు. సెలైన్ సూది కదలకుండా పసిపిల్లల చేతికి చిన్న అట్టముక్క పెట్టి, చుట్టూ తెల్ల ప్లాస్టర్ వేయడం ఆమె పనే. పిల్లాడు చప్పరించినా, నీళ్లలో ముంచినా ఆమె వేసిన పట్టీ ఊడదని దవాఖానలో పేరు. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడా.

ఫ్రిజ్ వచ్చింది ఆ దవాఖాన నుంచే. టీకాలు పెట్టుకోవడానికి కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని డాక్టర్ గారు ఆమెకు ఇచ్చేశారు. ఫకీర్ మహమ్మద్ దాన్ని ట్రాలీలో నిలబెట్టి, తాళ్లతో కట్టి, పెళ్లికూతురును తెచ్చినంత మెల్లగా తెచ్చాడట. అప్పటికి మా గల్లీలో ఫ్రిజ్ ఉన్న ఇళ్లు రెండో మూడో. పిల్లల మందుల్లో పొడి సీసాలు ఉంటాయి కదా, కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి కలిపేవి, కలిపాక చల్లగా ఉంచాలంటారు. ఫ్రిజ్ లేని తల్లులు ఆ సీసాలను తెచ్చి బేగం బీ దగ్గర పెట్టడం మొదలుపెట్టారు. పొద్దున, సాయంత్రం పిల్లను ఎత్తుకొచ్చి ఒక మూత పోయించుకుని పోయేవాళ్లు. ఆమె పోస్తే పిల్లలు ఉమ్మరు. మూడో రోజుకు జ్వరం దిగేది. నాలుగో రోజు నుంచి తల్లి రాదు. సీసా మాత్రం తలుపులో ఉండిపోయేది.

అట్లా మిగిలినవే ఆ సీసాలన్నీ. ఐదు రోజుల మందు రాస్తే మూడు రోజులు తాగడం మా గల్లీ ఆచారం అనుకోండి. మిగిలిన సగాన్ని పారేయడానికి బేగం బీకి చేతులు రావు. పక్కింటి మొగిలమ్మ మనవరాలు సింధుకు జలుబు చేస్తే, ఎదురింటి పిల్లాడి సీసాలోంచి ఒక మూత పోసేది. ఒక్క పైసా ముట్టేది కాదు. పైగా ఆ పిల్ల ఎట్లా ఉందోనని పనికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూసి వచ్చేది. గులాబీ మందు చెవినొప్పికి, తెల్లది గొంతుకు, నారింజ వాసన వచ్చేది జ్వరానికి. ఏది ఎవరికి రాస్తారో పంతొమ్మిదేళ్లుగా చూస్తోంది. రంగులను బట్టి, మూతలను బట్టి గుర్తుపట్టేది.

డాక్టర్ గారి మాట కూడా చెప్పకపోతే అన్యాయం. ఆయన మంచి డాక్టరు. కానీ నా కూతురు ప్రసన్నను తీసుకుపోయినప్పుడు నేనే చూశాను. ముక్కు కారుతున్న పిల్లాడికి ముక్కులో వేసే చుక్కలు మాత్రం రాస్తే తల్లి లేవదు. "గింతేనా సారు, అసలు మందు రాయలేదేంది" అంటుంది. బయట ఇంకో ముప్పై మంది ఉంటారు. ఆయన ఒక్క నిమిషం ఆమెను చూసి, చీటీ వెనక్కి తీసుకుని కింద ఇంకో లైను రాస్తారు. ఆ తల్లి తృప్తిగా లేస్తుంది. ఆ తల్లుల్లో నేనూ ఉన్నాను. టీచర్ను కాబట్టి "సార్, యాంటీబయాటిక్ ఏమైనా" అని పేరు పెట్టి అడిగేదాన్ని, అంతే తేడా.

ఇప్పుడు అందరి ఇళ్లలో ఫ్రిజ్‌లు ఉన్నాయి. అయినా సీసాలు మాత్రం అక్కడికే చేరేవి. నాలుగేళ్ల కింద ఒకసారి రెండు తెల్ల మందులు కలగాపులగమై, ఏది ఏదో తెలియక బేగం బీ నన్ను పిలిచింది. "జర చదివి చెప్పు టీచరమ్మా" అంది. చదివాను. ఊరుకోలేకపోయాను. మా టీచర్లకు అన్నీ పద్ధతిగా ఉండాలి కదా. దవాఖాన నుంచి ఆమె తెచ్చుకున్న తెల్ల ప్లాస్టర్‌ను ముక్కలు కత్తిరించి, ఒక్కో సీసాకు అంటించి, ఎర్ర పెన్నుతో రాశాను. మందు పేరు, ఎవరి సీసా, ఏ రోజు కలిపారు. ఆ తర్వాత ఎవరికి పోసినా నన్ను పిలిచి కింద రాయించేది. హాజరుపట్టీలాగా బారులు తీరి ఉండేవి. చూసుకుని మురిసిపోయేదాన్ని.

కలిపిన వారం తర్వాత పారబోయాలని ప్రతి సీసా మీదా ఇంగ్లీషులో ఉంటుంది. నేను చదివాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు. ప్రసన్నకు పది రోజులకోసారి జలుబు. మా బడిలో సెలవు పెడితే ప్రిన్సిపాల్ అందరి ముందూ అడుగుతుంది. పొద్దున ఏడింటికి బేగం బీ దగ్గర ఒక మూత పోయించి, పిల్లకు యూనిఫాం తొడిగి స్కూటీ ఎక్కించేదాన్ని. ఏ మందూ లేకుండా నాలుగు రోజుల్లో తగ్గేదే. మందు తాగించాను కాబట్టి బడికి పంపినా తప్పు లేదని నాకు నేను చెప్పుకోవాలి, ఆ చెప్పుకోవడానికే ఆ మూత. చదువురాని మనిషి తప్పు చేస్తుంటే చదువుకున్నదాన్ని నేను దానికి లేబుళ్లు రాసి ఇచ్చాను.

ఆఫ్రీన్ కొడుకు అమాన్‌కు మూడేళ్లు. ఆఫ్రీన్ వరంగల్‌లో బట్టల దుకాణంలో పని చేస్తుంది, ఆమె భర్త మజర్ లారీ మీద పోతే పది రోజులకు గానీ రాడు. పిల్లాడు అమ్మమ్మ దగ్గరే ఉంటాడు. ఆమె పనికి పోయినప్పుడు వాడు తాత ఫకీర్ మహమ్మద్ ట్రాలీలో ముందు సీట్లో కూర్చుని ధాన్యం మార్కెట్ దాకా పోయి వస్తుంటాడు. ఎవరు కనబడినా రెండు చేతులూ ఎత్తి సలాం కొడతాడు. నాకైతే రోజుకు నాలుగు సలాములు.

వానలు మొదలైనప్పటి నుంచి వాడికి జ్వరం వచ్చి పోతుండేది. దగ్గు లేదు, జలుబు లేదు. బేగం బీ తెల్ల మందు పోసింది, మూడో రోజుకు దిగింది. పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. నారింజ వాసన మందు పోసింది, దిగింది. రెండు నెలల్లో నాలుగుసార్లు. నాలుగుసార్లూ నన్ను పిలిచింది, నేను పోయి ఎర్ర పెన్నుతో రాశాను. అమాన్, ఒక మూత, తేదీ. ఒక్కసారైనా, అక్కా, దగ్గూ జలుబూ లేకుండా ఈ జ్వరమేంది, డాక్టర్‌కు చూపించరాదా అని నేను అనలేదు. ఆమె డాక్టర్ దగ్గరే పనిచేస్తోంది కదా, ఆమెకు తెలియదా అనుకున్నాను. టీచరమ్మ రాస్తోంది కదా, తప్పయితే చెప్పదా అని ఆమె అనుకుందట. ఈ సంగతి తర్వాత తెలిసింది.

ఐదోసారి జ్వరం వణుకుతో వచ్చింది. ఆ సోమవారం నేను బడి నుంచి వచ్చేసరికి ఆఫ్రీన్ వాకిట్లో పిల్లాడిని భుజాన వేసుకుని నిలబడి ఉంది. వాడు వాంతి చేసుకుంటున్నాడు. ఇద్దరినీ స్కూటీ మీద దవాఖానకు తీసుకుపోయాను. బేగం బీ డ్యూటీలోనే ఉంది. మనవడిని చూసి పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. డాక్టర్ గారు పిల్లాడి పొట్ట, నడుము నొక్కి చూసి, మూత్రం పరీక్షకు పంపి, అడ్మిట్ చేయమన్నారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టుంది, కిడ్నీల దాకా పోకుండా చూడాలి అన్నారు. తర్వాత బేగం బీ వైపు తిరిగి అడిగారు.

"ఇంట్లో ఏమైనా మందు పోసినవా?"

ఆఫ్రీన్ తన తల్లి మొహం చూసింది. బేగం బీ పిల్లాడి కాలి జోళ్లు విప్పుతోంది.

"లే సార్. తడిబట్ట ఏసిన, గంతే" అంది.

ఆ పొద్దున్నే ఆమె వాడికి తెల్ల మందు ఒక మూత పోసింది. బడికి పోతూ సీసా మీద రాసింది నేను. బేగం బీ ఎందుకు అబద్ధమాడిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అడగకుండా మందు పోసి తెచ్చే తల్లులను డాక్టర్ గారు తిడితే, ఆ తల్లులను బయటికి తీసుకొచ్చి మళ్లీ నెమ్మదిగా మందలించేది ఆమే. పంతొమ్మిదేళ్లుగా తెచ్చుకున్న పేరు ఒక్క మాటతో పోతుంది. ఆమె సంగతి సరే. నేనెందుకు నోరు మూసుకున్నాను? డాక్టర్ గారు నన్ను టీచర్ గారూ అంటారు. కుర్చీ వేయిస్తారు. ఆ కుర్చీ పోతుందని.

బుధవారం నాటికి జ్వరం దిగలేదు. అమాన్ కళ్లు తెరిచినా ఎవరినీ గుర్తుపట్టనట్టు చూస్తున్నాడు, నీళ్లు కూడా అడగడం లేదు. బడి వదిలాక నేను పోయేసరికి డాక్టర్ గారు వార్డు బయట బేగం బీతో మాట్లాడుతున్నారు. నన్ను చూసి ఇద్దరికీ కలిపి చెప్పారు.

"ఇంజెక్షన్ పని చేస్తలేదు. మూత్రంలో చీము కణాలు నిండుగ ఉన్నయి, క్రిములను పెంచి చూసే కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగలేదు. పరీక్షకు ముందు మందు పడిన పిల్లలకే ఇట్ల వస్తది. ఏ మందు పడ్డదో, ఎన్నిసార్లు పడ్డదో తెలిస్తే దాని జాతిని వదిలి వేరేది మొదలుపెడత. తెలియకపోతే చీకట్ల రాయి ఏసినట్టే. పొద్దటి దాకా చూసి హైదరాబాద్ పంపుత. తొవ్వల ఏమైతదో నేను చెప్పలేను."

బేగం బీ నేల వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఆయన ఇద్దరి మొహాలూ చూసి, పిలుపొస్తే లోపలికి పోయారు. ఆఫ్రీన్ ఇంటి తాళం నా చేతిలో పెట్టి, పిల్లాడి బట్టలు తెచ్చిపెట్టమంది.

తాళం తీసి లోపలికి పోయినదాన్ని బట్టల దగ్గరికి పోలేదు. నేరుగా ఫ్రిజ్ దగ్గరికి పోయి తలుపు తెరిచాను. పద్నాలుగు సీసాలు. పద్నాలుగింటి మీదా నా చేతిరాత. ఆ సీసాలు డాక్టర్ గారికి కావాలని నాకు తెలుసు. మీరు నమ్మినా నమ్మకపోయినా, మొదట వాటిని సంచిలో వేసుకుందామనే అనుకున్నాను. కానీ ఆ ఎర్ర అక్షరాలు ఆయన బల్ల మీద వరుసగా నిలబడినట్టు కనబడింది. ఎవరు రాశారని అడుగుతారు. బేగం బీకి రాయడం రాదని ఆయనకు తెలుసు.

మొదటి సీసా ప్లాస్టర్ అంచును గోటితో లేపాను. అది ఊడలేదు. గట్టిగా గీకితే సగం వచ్చింది. అట్లా ఒక్కోదాన్ని గీకి, పీకి, పద్నాలుగూ తీశాను. వేళ్ల చివర్లు మండాయి. ముక్కలన్నీ ఉండగా చేసి చీర కొంగున ముడేసుకున్నాను. అక్కడ పిల్లాడు ఎట్లా ఉన్నాడో తెలిసి, ఇక్కడ కూర్చుని చేసిన పని ఇది. భయంలో చేశాను, తెలియక చేశాను అనుకోవడానికి లేదు. చాలా తీరిగ్గా, ఒక్క ముక్క కూడా మిగలకుండా చేశాను.

బయట ట్రాలీ ఆగిన చప్పుడైంది. ఫకీర్ మహమ్మద్ ఇంజన్ ఆపకుండానే కూర్చున్నాడు. బేగం బీ దిగి, చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"సార్‌కు అంత చెప్పేస్త టీచరమ్మా" అంది. "కొలువు పోతే పోనీ. సీసాలు అన్నీ కొంచబొయ్యి ముంగట పెడత. నువ్వు రాసినవి చదువుకుంటడు."

ఫ్రిజ్ తలుపు తెరిచింది. పట్టీల్లేని సీసాల మీద బంక మరకలు చూసింది. ఒకదాన్ని తీసి వేలితో తడిమింది. ఇంకోదాన్ని తీసింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, కొంగు ముడిని పిడికిట్లో పట్టుకుని.

"పట్టీలు ఊడినయి" అంది చివరికి. "తడికి ఊడినట్టున్నయి."

"అవునక్కా" అన్నాను.

ఆమె సీసాలను ఒక్కోటీ సంచిలో వేసుకుంది. తర్వాత నా వైపు చూడకుండా అడిగింది.

"ఎప్పుడు ఏది పోసిన్నో నాకు గుర్తు లేదు. నువ్వే రాసినవు గద. నీకు యాదికున్నదా బిడ్డా?"

"ఉన్నది. రాసిస్త" అన్నాను.

ఇంటికి పోయి వస్తానని చెప్పి, మా ఇంట్లో స్నానాల గది తలుపు వేసుకుని, ఆ ఉండను విప్పాను. ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. నీళ్లు పెట్టి, చింపి, సాపు చేసి, నేలమీద పరుచుకుని ఒక్కోటీ చదివి కాగితం మీద ఎక్కించాను. ఒక ముక్క మీద తేదీ పోయింది, అది నిజంగానే గుర్తు తెచ్చుకుని రాశాను. పిల్లాడి ప్రాణానికి కావలసిన పావుగంటను నా పరువు కోసం అట్లా స్నానాల గదిలో ఖర్చు పెట్టాను.

దవాఖానలో బేగం బీ సీసాల సంచిని డాక్టర్ గారి బల్ల మీద పెట్టింది. నిలబడే చెప్పింది. "సోమవారం లే అన్న సార్. అబద్ధం. రెండు నెలల సంది పోస్తాన. నా పిలగానికే గాదు, గల్లీ పిల్లలందరికీ పోస్తాన." తల మాత్రం ఎత్తలేదు. డాక్టర్ గారు తిడతారని చూశాను. ఆయన సీసాలను ఒక్కోటీ తిప్పి చూస్తూ అన్నారు.

"ఇందులో సగానికి పైగ నేను రాసినవే. ఫ్రిజ్ కూడ నేను ఇచ్చిందే."

తర్వాత నా కాగితం చదివారు. చదువుతూనే నర్సును పిలిచి ఇంజెక్షన్ మార్పించారు. ఆమె అటు పోయాక కాగితం మళ్లీ చూసి, "తేదీలతో సహా ఉంది. ఇంత గుర్తుందా మీకు?" అని అడిగారు.

"లెక్కల టీచర్ని కదా సార్" అన్నాను.

ఆయన మెచ్చుకోలుగా తలాడించి, నర్సుతో నాకు కుర్చీ వేయించారు. నేను కూర్చున్నాను కూడా. బేగం బీ నిలబడే ఉంది.

మరుసటి రోజు సాయంత్రానికి జ్వరం కొంత తగ్గింది. మూడో రోజు అమాన్ చాయ్‌లో రొట్టె ముంచి ఇమ్మని అడిగాడు. పది రోజులు సూదులు వేసి ఇంటికి పంపారు. ఒక కిడ్నీకి కాస్త దెబ్బ తగిలిందని, ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలని చెప్పారు. ఆ సీసాలను మోరీలో పోయవద్దని, దవాఖాన చెత్తలో వేరుగా పోవాలని డాక్టర్ గారు తన దగ్గరే ఉంచుకున్నారు. బేగం బీ సిగ్గుతో పదిహేను రోజులు పనికి పోలేదు. ఆయనే కబురు పెట్టి పిలిపించారు. పోయింది. ఇప్పుడు తల్లులు చీటీ చూసుకుని గొణిగితే, "మందు రాయలేదంటె పిలగాడు మంచిగున్నట్టు, పోయి నీళ్లు తాగిపియ్యి" అంటుందట.

గల్లీలో మాత్రం ఆమెకు మాటలు తప్పలేదు. "నీ మనుమనికి ఏదో అయిందని మా పిల్లల మందు బంద్ పెడతవా" అని మొగిలమ్మ వాకిట్లో నిలబడి అడిగింది.  ఎవరు ఏమన్నా బేగం బీ తప్పు తన మీదే వేసుకుంది. నా మాట వస్తే మాత్రం, టీచరమ్మకు అంతా యాదికి ఉండబట్టే పిలగాడు దక్కిండు అనేది. ఆ మాట కూరగాయల బండి దగ్గర కూడా విన్నాను. కూరగాయలమ్మే సమ్మమ్మ నా చేయి పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

నా భర్త సుందర్ రావు ఆ గొప్పను పాస్టర్ గారి దాకా మోశాడు. మా చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. పాస్టర్ గారు నన్ను పిలిచారు. కాదనగలిగేదాన్నే, అనలేదు. లేచి పోయి మైకు పట్టుకున్నాను. ఒక ముస్లిం బిడ్డ ప్రాణం కోసం దేవుడు నా జ్ఞాపకాన్ని వాడుకున్నాడని చెప్పాను. తేదీలన్నీ ఎట్లా కళ్ల ముందు మెదిలాయో కూడా చెప్పాను. కళ్లనీళ్లు కూడా వచ్చాయి. అందరూ స్తోత్రం అన్నారు. ముందు వరుసలో ప్రసన్న నన్ను చూసి చప్పట్లు కొట్టింది. ఆ చిన్న చేతులు చూశాక నాకు అక్కడ నిలబడడం చేతకాలేదు.

చర్చి నుంచి ఇంటికి పోలేదు, నేరుగా బేగం బీ ఇంటికి పోయాను. ఆమె గడప దగ్గర కూర్చుని అమాన్‌కు పెరుగన్నం తినిపిస్తోంది. వాడు నన్ను చూసి రెండు చేతులూ ఎత్తాడు. ఎడమ చేతికి సూది గుచ్చిన చోట నల్లగా కమిలి ఉంది.

"అక్కా, ఆ పట్టీలు తడికి ఊడలే. నేనే పీకిన" అన్నాను.

ఆమె ముద్ద కలపడం ఆపలేదు.

"ఎర్కే" అంది.

నేను గడప పక్కన కూర్చున్నాను. ఆమే చెప్పింది.

"పంతొమ్మిదేండ్ల సంది పసిపిల్లల చేతులకు ఏస్తాన ప్లాస్టర్. తడికి ఊడేదైతే ఒక్క పిలగానికన్న సూది నిలువదు. సీసాల మీద గోటి గీతలు చూసిన. నీ కొంగు ముడి గూడ చూసిన."

"మరి నన్ను ఎందుకు అడగలే?"

"అడిగితే నువ్వు లే అంటవు. ఒక్కపారి లే అన్నంక మళ్ల ఎట్ల రాస్తవు? గప్పుడు నాకు నీ రాత కావాలె. నిన్ను పట్టుకునుడుతోని నాకేం పని?" ముద్ద పిల్లాడి నోట్లో పెట్టి, వాడు మింగేదాకా చూసింది. "నేను సార్ ముంగట లే అన్నదాన్నే గద. లే అన్నంక ఎన్కకు వచ్చుడు ఎంత కష్టమో నాకు తెల్వదా. రెండు రోజులు పట్టింది నాకు. ఆ రెండు రోజులు గీ పిలగాడు మోసిండు."

నేను ఏడ్చాను. ఏడిస్తే ఓదారుస్తుందనుకున్నాను, ఆ ఆశ కూడా ఉంది నాకు. ఆమె ఓదార్చలేదు. కోప్పడనూ లేదు. గిన్నెలో మిగిలిన మెతుకులు గీకి వాడికి పెట్టింది. లోపల ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది, సీసాలున్న అరల్లో నిమ్మకాయలు, కొత్తిమీర కట్ట కనబడుతున్నాయి.

"ఇప్పుడన్న చెప్పిన గద అక్కా" అన్నాను, అదేదో పెద్ద పని చేసినట్టు.

"నాకు చెప్తె ఏమొస్తది టీచరమ్మా" అంది. "నాకు ముందే ఎర్క."

అమాన్ మూతి కడిగి, చంకనేసుకుని లోపలికి పోయింది.

తర్వాతి ఆదివారం నేను చర్చికి పోలేదు, తలనొప్పి అని చెప్పాను. ఆ పై ఆదివారం ప్రసన్నకు జలుబన్నాను. వచ్చే ఆదివారం పోతాను. అక్కడ మైకు దగ్గర నిలబడి చదవడానికే ఇదంతా రాశాను. ఆ రోజు దాచిన ప్లాస్టర్ ముక్కలు కూడా ఒక కవర్లో వేసి బైబిల్ పక్కన పెట్టుకున్నాను.